మా విడాకులు పది కాలాల పాటు చల్లగా ఉండాలి

పెళ్లి కన్నా విడాకులే గట్టివి! ఊరికే అనడం లేదు, రుజువుతో సహా అంటున్నాను. మా పెళ్లి పదకొండు నెలలు నిలబడింది. మా విడాకులు ఐదో ఏట అడుగుపెట్టాయి. ఇప్పుడు మీరే చెప్పండి, ఏ బంధానికి ఆయుష్షు ఎక్కువ?

విడాకులు ఆలస్యమవుతున్నాయనీ, కోర్టు చుట్టూ తిరిగి చెప్పులు అరిగిపోతున్నాయనీ వాపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. చెప్పులదేముంది, కొత్తవి కొనుక్కోవచ్చు. వాయిదా రోజున కోర్టు బంట్రోతు వరండాలోకి వచ్చి, నా పేరు మూడుసార్లు గొంతెత్తి పిలుస్తాడు. అంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది? అత్తగారింట్లో ఉన్న పదకొండు నెలల్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ నేను "ఓ పిల్లా"నే.

బంట్రోతు పిలిచే ఆ పేరు రుచిత. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. పుట్టింది ముప్కాల్, మెట్టింది బోధన్, ప్రస్తుతం ఉంటున్నది రెండింటికీ మధ్యలో. భౌగోళికంగానూ, చట్టపరంగానూ!

నిజానికి నాకు విడాకులు ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటివి కులసంఘం భవనంలో అయ్యాయి. మా వైపు ఆలుమగలకు పడకపోతే కోర్టుకు పోవడం నామోషీ. ఇరువైపులా పెద్దమనుషులు కూర్చుంటారు, ఎవరి సామాన్లు వాళ్లకు ఇప్పిస్తారు, వంద రూపాయల బాండు పేపరు మీద ఇడుపు కాగితం రాస్తారు. ఇక నుంచి ఒకరి మీద ఒకరికి హక్కు లేదు, ఎవరి దారి వారిది అని అందులో ఉంటుంది. మాకు రాసింది సంఘం అధ్యక్షుడు లింబాద్రి. రెండు రౌండ్ల చాయ్ తాగేలోపు మొత్తం అయిపోయింది.

"గీ కాయితం ముంగట సుప్రీంకోర్టు గూడ ఏం పనికిరాదు," అని లింబాద్రి సంతకం కింద గీత గీసి మరీ చెప్పాడు.

మా బాపు రాజారాం ఆ మాట నమ్మాడు. ఎంతగా నమ్మాడంటే, ఇంటికి వెళ్లేలోపే ఆ కాగితానికి లామినేషన్ చేయించాడు. మా ఇంట్లో నా డిగ్రీ పట్టాకు కూడా ఆ భాగ్యం దక్కలేదు.

శేఖర్ కూడా నమ్మాడు. శేఖర్ అంటే నా భర్త, అంటే మాజీ భర్త, అంటే... చట్టం ప్రకారం ఏమిటో ముందుముందు మీకే తెలుస్తుంది. ఆ కాగితం చూసుకొని ధైర్యంగా ఏడాది తిరక్కుండా అఖిల అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఒక పాప కూడా పుట్టింది. ఎవరి దారి వారిది అన్నారు కదా, ఆయన తన దారిలో చాలా దూరమే వెళ్లాడు.

నా దారి మాత్రం మీసేవ కౌంటర్ దగ్గర ఆగిపోయింది. కొత్త రేషన్ కార్డులు ఇస్తున్నారంటే దరఖాస్తు పెట్టబోయాను. అక్కడ కూర్చున్న లత కంప్యూటర్‌లో చూసి, "అక్కా, నీ పేరు బోధన్ కార్డుల ఉన్నది. వెంకటవ్వ కోడలు అని వస్తున్నది," అంది.

"మాకు విడాకులైనయమ్మా," అని లామినేషన్ కాగితం తీసి చూపించాను. లత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగ మెరుస్తున్నది గని, గిది నడ్వదక్కా. కోర్టు కాయితం తే."

ఆ రోజు నాకు తెలిసిన సంగతులు ఒక్కొక్కటిగా వినండి. చట్టం ప్రకారం శేఖర్ భార్యను నేనే. ఏళ్లుగా ఆ ఇంటి గడప తొక్కకపోయినా వెంకటవ్వకు కోడలిని నేనే. ఆ ఇంట్లో వండి వార్చి పాపను సాకుతున్న అఖిల ఎవరో ప్రభుత్వానికి తెలియనే తెలియదు. నా పేరున నెలనెలా ఆరు కిలోల సన్నబియ్యం ఆ ఇంటికి వెళ్తున్నాయి. నేనున్నప్పుడు నా కంచం వైపు ఓరగా చూసిన అత్తగారు, నేను లేనప్పుడు నా వాటా అన్నం తృప్తిగా తింటున్నారు. పుణ్యమంతా నాకే కదా! ఇలాంటి అన్నదానం చేసే భాగ్యం ఎంతమంది కోడళ్లకు ఉంటుంది?

అలా నేను అడ్వకేట్ భాగ్యలక్ష్మి మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె చూసేవన్నీ కుటుంబ కేసులే. నా కథంతా విని, కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"దీనికి లామినేషన్ ఎందుకు చేయించిండ్రమ్మా?"

"ఖరాబ్ కావద్దని, మేడమ్."

"పెళ్లికి చేయించాల్సింది," అన్నారామె, నవ్వకుండా.

తర్వాత ఓపిగ్గా వివరించారు. ఇడుపు కాగితం మా ఆచారమే కావచ్చు, కానీ ఆ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో సాక్షులతో నిరూపించాలి. అది పెద్ద పని. దాని కన్నా ఇద్దరం కలిసి పరస్పర అంగీకారంతో పిటిషన్ వేయడం తేలిక. శేఖర్ సంతకం పెట్టాడు, నేనూ పెట్టాను. ఇక ఆరు నెలలు ఆగమన్నారు.

"ఆరు నెలలు దేనికి మేడమ్?"

"మీ మనసు మారుతదేమోనని."

చూశారా చట్టం మనసు ఎంత మెత్తనిదో! మేం విడిపోయి ఏళ్లయింది. ఆయనకు ఇంకో భార్య ఉంది, పాపకు పళ్లు కూడా వచ్చాయి. అయినా చట్టం మాత్రం మేం కలుస్తామేమోనని వాకిట్లో దీపం పెట్టుకొని కూర్చుంది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందని ఎదురుచూసేవాళ్లు బోధన్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కన్నా ఆశావాది ఎవరైనా ఉంటే అది మన చట్టమే.

ఈలోపు మేడమ్ నాకు కోర్టులో ఎలా ఉండాలో నేర్పించారు. ఏడవకూడదు. ఏడిస్తే ఇంకా ప్రేమ ఉందనుకొని మళ్లీ కౌన్సెలింగ్‌కు పంపిస్తారు. నవ్వకూడదు. నవ్వితే కోర్టును తమాషా చేస్తున్నావంటారు.

"మరెట్లుండాలె మేడమ్?"

"రేషన్ దుకాణం లైన్ల నిలబడ్డట్టు ఉండు."

ఆ ముఖం నాకు పుట్టుకతోనే వచ్చు. సాధన అవసరం లేకపోయింది.

ఆరు నెలలు గడిచాయి. ఇద్దరం జడ్జిగారి ముందు నిలబడి చెప్పాల్సిన రోజు వచ్చింది. నేను వెళ్లాను, బాపు వచ్చాడు, మేడమ్ వచ్చారు. శేఖర్ రాలేదు. వాయిదా! మళ్లీ తారీఖు ఇచ్చారు. మళ్లీ రాలేదు. ఒకసారి ఆయన లాయరు రాలేదు, ఒకసారి సెలవు. ఇక్కడ కూడా మంచినే చూడండి. పెళ్లయిన కొత్తలో శేఖర్ సాయంత్రం వస్తానని చెప్పి రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లుండేవారు కాదు. ఇప్పుడు ఆయన రాకపోతే ఒక జడ్జిగారు, ఒక గుమాస్తా, ఇద్దరు లాయర్లు అడుగుతున్నారు. భార్యగా నాకు దక్కని హోదా విడాకుల్లో దక్కింది.

నాలుగో వాయిదా రోజు భాగ్యలక్ష్మి మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "రుచితా, పిటిషన్ ఏసి పద్దెనిమిది నెలలు కావస్తున్నది. గడువు దాటితే మళ్ల మొదటి నుంచి మొదలుపెట్టాలె. వచ్చే తారీఖుకు ఆయన రావాలె, అంతే."

మొదటి నుంచి. ఆ మాట విన్నాక నేను నిజామాబాద్ బస్టాండ్‌లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాకు ముప్పై ఏళ్లు. ఇంకా ఐదేళ్లు ఎవరికో కోడలిగా కాగితం మీద బతకాలా అని భయమేసింది. కోర్టులో ఏడవొద్దన్నారు గానీ బస్టాండ్ సంగతి మేడమ్ ఏమీ చెప్పలేదు.

శేఖర్ ఎందుకు రావడం లేదో తర్వాత తెలిసింది. బోధన్‌లో ఒక హోటల్‌లో చాయ్ తాగుతుంటే ఎవరో ఆయనకు చెప్పారట, కోర్టుకు పోతే రెండో పెళ్లి సంగతి బయటపడి జైల్లో వేస్తారని. అప్పటి నుంచి కోర్టు పేరెత్తితే జ్వరం వస్తోందట.

మేడమ్ శేఖర్‌కు ఫోన్ చేయలేదు. అఖిలకు చేశారు. ఆ కేసు పెట్టాల్సింది రుచితేననీ, ఆమె పెట్టననే అంటోందనీ విడమరిచి చెప్పారు. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "మొగోళ్లకు చట్టం చెప్తే భయపడ్తరు. ఆడోళ్లకు చెప్తే బస్సెక్కుతరు," అన్నారు.

ఆమె అన్నట్టే జరిగింది. ఆఖరి తారీఖున అఖిల చంకలో పాపతో, రెండో చేత్తో శేఖర్ మణికట్టు పట్టుకొని కోర్టు గేటులోకి వచ్చింది. నేరుగా నా దగ్గరికి వచ్చి, "అక్కా, తీస్కొచ్చిన," అంది. కట్టు తెంచుకొని పోయిన బర్రెను కొట్టానికి తెచ్చి అప్పగించినట్టు అప్పగించి, పాపకు పాలు పట్టడానికి పక్కకు వెళ్లింది.

శేఖర్, నేను బెంచీ మీద కూర్చున్నాం. మా పిలుపు వచ్చేసరికి గంటన్నర పట్టింది. పదకొండు నెలల కాపురంలో మేం అంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదు. వాయిదాల మహిమ అంటే ఇదే!

"ఒక ముచ్చట చెప్తే ఏమనుకోవు గదా," అన్నాడు శేఖర్ నేల చూస్తూ. "మన పెళ్లి కన్న ముందే నాకు అఖిల అంటే ఇష్టం ఉండె."

నాకు ఒళ్లు మండింది. "మరి గప్పుడే చెప్పకపోతివి?"

"నన్నెవరడిగిండ్రు?"

తిట్టాలని నోరు తెరిచాను. కానీ నా జవాబు కూడా అదే.

మా పెళ్లి నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఖాయమైంది. మా బాపు, శేఖర్ వాళ్ల బాపు ఇద్దరూ పసుపు తెచ్చారు. కుప్పలు పక్కపక్కన పడ్డాయి. బేరగాళ్లు వచ్చి, కొమ్ము విరిచి రంగు చూశారు, వాసన చూశారు, పచ్చి ఉందేమో అని గోటితో గిల్లి చూశారు. ధర చెప్పాక, "ఇస్తవా పటేలా?" అని కూడా అడిగారు. మా బాపు ఇవ్వనన్నాడు. ఇంకో బేరగాడి కోసం ఇద్దరు రైతులూ కుప్పల నీడన కూర్చుని ఊసుపోక పిల్లల మాట ఎత్తారు. కాంటా మీద తూకం అయ్యేలోపు మా పెళ్లి కుదిరింది. బాపు ఇంటికొచ్చి నాకు చెప్పింది రెండు సంగతులు. పసుపు మంచి ధరకు పోయింది. నువ్వు బోధన్‌కు పోతున్నావు.

బంట్రోతు మా పేర్లు పిలిచాడు. లోపలికి వెళ్లాం. జడ్జిగారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "అమ్మా, మీ ఇష్టంతోనే వచ్చారా? ఎవరైనా బలవంతం చేశారా? బాగా ఆలోచించుకున్నారా?"

ఈ ప్రశ్న నన్ను మేడమ్ అడిగారు, గుమాస్తా అడిగాడు, కౌన్సెలింగ్‌లో ఇద్దరు అడిగారు, ఇప్పుడు జడ్జిగారు. "నా ఇష్టమే సార్," అన్నాను. శేఖర్‌నూ అలాగే అడిగారు. ఆయన ఎప్పుడూ లేనంత గట్టిగా "నా ఇష్టమే" అన్నాడు. పది నిమిషాల్లో అయిపోయింది. నేను రేషన్ లైన్ ముఖం గుమ్మం దాకా మోసుకొచ్చి, అక్కడ వదిలేశాను.

కాబట్టి పాఠకులారా, విడాకుల ఏర్పాట్లను ఎవరూ తక్కువ చేయకండి! అవి బంగారం లాంటివి. కాకపోతే పెట్టాల్సిన చోట పెట్టలేదు. ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే. ఈ ఆరు నెలల గడువు, ఈ కౌన్సెలింగు, ఈ పిలిచి పిలిచి అడగడం అంతా మూటగట్టి పెళ్లికి పెట్టండి. పిల్లనూ పిల్లవాణ్ణీ విడివిడిగా నిలబెట్టి, బలవంతం ఉందా అని జడ్జిగారితో అడిగించండి. మనసు మారుతుందేమోనని ఆగండి. వాయిదాలు వేయండి! విడాకులకు మాత్రం రెండు కుప్పల పసుపు కాంటా పెట్టేంత సమయం చాలు.

బయట మెట్ల మీద మా బాపు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ప్రతి వాయిదాకూ ముప్కాల్ నుంచి వచ్చాడు. ఎన్నడూ లోపలికి మాత్రం రాలేదు.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది బాపు."

"జడ్జి ఏమడిగిండు?"

"నీకు ఇష్టమేనా అని అడిగిండు."

"గంతేనా?"

"గంతే."

ఆయన డబ్బా మూత తీశాడు, లోపలికి చూసి మళ్లీ పెట్టేశాడు. "గా ఒక్క మాట నేను అడిగితె అయిపోతుండె," అన్నాడు.