రెండు బ్యాటరీల లారీకి ఒక బ్యాటరీ మంజూరు

పెద్ద లారీకి సరైన బ్యాటరీని ఎంచుకోవడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. అందుకే దానికి ఉత్సవ వాహనాల విభాగం ఉంది.

మామూలు రోజుల్లో సేదరపేట్‌లో ఇనుము మోసే మా లారీ, మాసి మగం పండగ నాడు ఒర్లియంపేట అమ్మవారిని సముద్రస్నానానికి తీసుకెళుతుంది. ఈ ఏడు దాని బ్యాటరీలు రెండూ నీరసించాయి. విభాగం ఆమోదించిన బ్యాటరీ లేకపోతే ఊరేగింపులో చోటు లేదు. విభాగం వారి యాప్‌లో దరఖాస్తు పెట్టాను.

'సరుకు ఏది?' అని అడిగింది యాప్. ఇనుము, ఇసుక, కోళ్లు, ఇతరములు. అమ్మవారిని 'ఇతరములు'లో చేర్చి లెంపలేసుకున్నాను. తర్వాత 'బరువు' అడిగింది. (లోకాలను మోసే తల్లి ఎన్ని కిలోలుంటుంది? ఖాళీగా వదిలితే యాప్ ఒప్పుకోదు.) పూజారిని అడిగి విగ్రహం బరువు వేశాను.

అధికారి శిలంబరసన్ గారు ఒక బ్యాటరీ మంజూరు చేశారు.

"సార్, లారీకి రెండు కావాల. రెండూ ఒకే ఈడువి" అన్నాను.

"బండికి ఒకటే రూలు. స్కూటరుకు ఎన్ని?"

"ఒకటే సార్."

"మరి? స్కూటరోళ్లు వచ్చి అడగలేదే!"

"రెండోది నేనే కొనుక్కుంటా సార్."

"దానికి ఆమోదం ఉండదు. పాతదానికి పోయినేడే ఇచ్చినాం కదా, అది ఉండనీ."

మా డ్రైవర్ చెంగల్రాయన్ విని నవ్వాడు. "కోడెనీ ముసిలెద్దునీ ఒకే కాడికి కడితే బండి యాడికి పోతాదన్నా?"

పండగ నాడు వైద్దికుప్పం మలుపు దాకా పోయింది. అక్కడ హారతికని ఇంజన్ ఆపాం. లారీకి కట్టిన దీపాల తోరణాలు మాత్రం బ్యాటరీల మీదే వెలుగుతూనే ఉన్నాయి. మళ్లీ తాళం తిప్పితే లారీ 'టిక్' అని ఊరుకుంది. పాత బ్యాటరీ కొత్తదాన్ని కూడా తనతో పడుకోబెట్టింది. మా వెనక పెరుమాళ్లు, ఆయన వెనక మురుగన్, ఆపైన కనుచూపు మేర దేవుళ్లు ఆగిపోయారు. (దేవతలు ఒకరినొకరు దాటిపోరాదని విభాగం నిబంధన.) అలలు వినిపిస్తున్నాయి, ముహూర్తం దాటిపోతోంది.

పూలమ్మే కన్నియమ్మాళ్ బుట్ట దించింది. "ఏంది చూస్తా ఉండారు? తొయ్యండప్పా! ఓ ఆఫీసరు సారూ, నువ్వూ రా!"

ఊరేగింపు పర్యవేక్షణకు వచ్చిన శిలంబరసన్ గారు చెప్పులు విప్పి మరీ తోశారు. లారీ దగ్గి, కదిలింది. ముహూర్తం దాటకముందే అమ్మవారు సముద్రంలో మునిగారు. ఇన్నాళ్లూ ఆవిడే మమ్మల్ని నడిపిస్తోందని నా నమ్మకం. ఆ పూట ఎవరు ఎవరిని నడిపించారో, అడగడం తప్పేమో.

తర్వాత విభాగం నుంచి నివేదిక వచ్చింది. ఒక్క కొత్త బ్యాటరీతోనే వాహనం తీరం చేరినందున ఎంపిక సరైనదని తేలింది. భక్తుల సహకారం కూడా సంతృప్తికరంగా ఉన్నందున, వచ్చే ఏడు ఆ ఒక్కటీ అక్కర్లేదు.