క్రిస్మస్ ముహూర్తానికి ఇల్లు అమ్మకం

ఇల్లు అమ్మకానికి పెట్టాలంటే క్రిస్మస్‌ను మించిన ముహూర్తం లేదు. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, మందు చుక్క ముట్టకుండా రాస్తున్నాను.

ఎందుకంటారా? వేసవిలో ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ఏం మనుషులు? పనీపాటా లేక, ఐస్‌క్రీమ్ చప్పరించుకుంటూ, ఎవరింట్లో ఏ రంగు కర్టెన్లున్నాయో చూసిపోదామని వస్తారు. అమెరికాలోని మా స్టీవెన్స్ పాయింట్ ఊళ్లో డిసెంబర్ చలికి ముక్కు ఊడి చేతిలో పడుతుంది. అలాంటి చలిలో మంచు తొక్కుకుంటూ వచ్చినవాడు కొనడానికి కాకపోతే ఇంకెందుకు వస్తాడు? పైగా కప్పు మీది పగుళ్లను మంచు కప్పేస్తుంది, పెరట్లోని కలుపును మంచు కప్పేస్తుంది, పక్కింటి కుక్క చలికి నోరు తెరవదు. ఇంత సాయం ఏ చుట్టం చేస్తాడు చెప్పండి!

ఈ సత్యం బోధపడటానికి మా ఎదురింటి లొరెయిన్ పావ్లక్‌కు చాలాకాలం పట్టింది. ఆమె భర్త నార్బర్ట్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మోకాళ్లు మెట్లెక్కమంటే ససేమిరా అంటున్నాయి. ఈ మేడ అమ్మేసి మెట్లు లేని చిన్న ఇంటికి మారక తప్పదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎప్పుడు అమ్మాలన్నదే తేలలేదు.

నవంబర్‌లో పెడదామంటే జింకల వేట. ఊళ్లో మగవాళ్లంతా నారింజరంగు కోట్లు తొడుక్కుని అడవిలో చెట్లెక్కి కూర్చుంటారు. ఇల్లు కొనడానికి కిందికి దిగేదెవరు? ఆ వెంటనే థాంక్స్‌గివింగ్, ఊరంతా టర్కీ కోడి తిని కునుకు తీస్తుంది. జనవరిలో కార్లు స్టార్టవ్వవు. ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ ఫైనల్. ఆపైన ఈస్టర్ ముందు ఉపవాసాలు. ఏప్రిల్‌లో మంచు కరిగి ఎటు చూసినా బురదే. మన పంచాంగంలో మూఢం కొన్నాళ్లే ఉంటుంది గానీ, వీళ్ల ఇళ్ల అమ్మకానికి మూఢం లేని నెలే లేదు.

అప్పుడు ఇళ్లు అమ్మిపెట్టే క్రిస్టల్ అనే ఏజెంట్ వచ్చి లొరెయిన్ చెవిలో రహస్యం ఊదింది.

"క్రిస్మస్ ముందు వారం పెట్టండి లొరెయిన్ గారూ. అందరూ భయపడి ఆగిపోతారు కదా, మార్కెట్లో మీరొక్కరే మిగుల్తారు. ఎవరికీ చెప్పకండేం."

లొరెయిన్ ఎవరికీ చెప్పలేదు. ఏసును పెంచిన సెయింట్ జోసెఫ్ బొమ్మను పెరట్లో తలకిందులుగా పాతితే ఇల్లు త్వరగా అమ్ముడుపోతుందని మా వీధిలో గట్టి నమ్మకం. నేల గడ్డకట్టి పార దిగకపోయేసరికి, నార్బర్ట్ ఆ మహానుభావుణ్ణి ఒక పూలకుండీలో పాతి వంటింటి కిటికీలో పెట్టాడు. పని కావాలంటే పెద్దమనిషిని తలకిందులు చేయడం ఏ మర్యాదో నేనడగలేదు.

ఇక ఇంటి ముస్తాబు! గోడల మీది పెళ్లి ఫొటోలు క్రిస్టల్ తీయించేసింది, వచ్చినవాళ్లు అక్కడ తమను తాము ఊహించుకోవాలట. నార్బర్ట్ కుర్చీలో ఆయన ఆకారం అచ్చుపడిపోయిందని దాన్ని గ్యారేజీకి పంపింది. టూత్‌బ్రష్‌లు కూడా అజ్ఞాతవాసానికి వెళ్లాయి. ఏళ్లతరబడి కారుతున్న బాత్రూమ్ కుళాయిని నార్బర్ట్ ఒక్క పూటలో బాగుచేశాడు. కట్టుకున్న పెళ్లాం నెత్తీనోరూ కొట్టుకున్నా కదలని మనిషిని ముక్కూమొహం తెలియని కొనుగోలుదారు కదిలించాడు. ఇది వరం కాకపోతే ఇంకేమిటి?

వాసన దగ్గర క్రిస్టల్ మరీ కచ్చితంగా ఉంది.

"చేప వండకండి. పులియబెట్టిన క్యాబేజీ అసలొద్దు. కాస్త దాల్చినచెక్క నీళ్లలో వేసి మరిగించండి. ఇంట్లో ఎవరో ఓవెన్లో ఆపిల్ పై కాల్చినట్టు వాసన రావాలి."

"పోనీ ఆపిల్ పై చేసేస్తాను."

"వద్దండీ, వంటిల్లు పాడైపోతుంది."

లొరెయిన్‌కు అక్కడే చిక్కొచ్చిపడింది. పావ్లక్‌లు పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం తొలి చుక్క పొడిచాక చేప, క్యాబేజీ, పుట్టగొడుగుల సూప్‌తో విందు చేస్తారు. ముందు పల్చటి గోధుమ రొట్టెను ఒకరి చేతిలోంచి ఒకరు విరుచుకుని తింటారు. బల్ల మీద ఒక ప్లేటు అదనంగా పెడతారు, అనుకోకుండా ఎవరైనా వస్తే వాళ్లకని. పెళ్లయి ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచి లొరెయిన్ ఒక్క ఏడూ ఆ విందు మానలేదు. ఇక మీదట అక్కడ చేయబోయేది లేదు. ఇల్లు ఎవరికి పోయినా ఆ ఒక్క సాయంత్రం మాత్రం తనకు మిగలాలని ఆమె ఆశ. ఆ అదనపు ప్లేటును కూడా క్రిస్టల్ అల్మరాలో పెట్టించింది. ఖాళీ ప్లేటు చూస్తే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారట!

అయినా లొరెయిన్ పట్టువదల్లేదు. చెల్లెలు బెర్నడీన్ ఇంట్లో వంటంతా చేయించి, గిన్నెలతో సహా ఆమెనూ రప్పించింది. సరిగ్గా చీకటి పడేవేళ ఫోన్ మోగింది.

"ఇప్పుడే ఒక ఫ్యామిలీ వస్తున్నారండీ," అంది క్రిస్టల్. "పండగ పూట వస్తున్నారంటే ఎంత సీరియస్సో మీరే ఆలోచించండి."

ఇల్లు చూపించేటప్పుడు ఇంటివాళ్లు ఇంట్లో ఉండకూడదు. అది ఇక్కడి రివాజు. క్రిస్టల్ చెప్పినట్టు తలుపుకు తాళం వేయకుండా, ముగ్గురూ గిన్నెలు పట్టుకుని వెళ్లి, వీధి పక్కన ఆపిన కారులో కూర్చున్నారు. సూప్ గిన్నె బెర్నడీన్ ఒడిలో, చేప లొరెయిన్ ఒడిలో.

"అక్కా, తొలి చుక్క పొడిచింది."

"చూశాన్లే. నోర్మూసుకుని సూప్ ఒలక్కుండా చూసుకో."

"వాళ్లొచ్చి చాలాసేపైంది," అన్నాడు నార్బర్ట్ సంబరంగా. "కొలతలు తీసుకుంటున్నట్టున్నారు. బేరం కుదిరినట్టే."

"నిలబడితే కదయ్యా కొలతలు. కిటికీలోంచి చూడు, కోట్లు విప్పేసి నా బల్ల దగ్గర కూర్చున్నారు."

ఆమె చేప గిన్నెతోనే కారు దిగి గబగబా లోపలికి వెళ్లింది. ఒక మొగుడూ పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు ఉలిక్కిపడి లేచారు. చిన్నపిల్ల చేతులు హీటర్ మీదే ఉన్నాయి.

"ఏమనుకోకండమ్మా," అన్నాడు కర్టిస్ అనే ఆ తండ్రి, టోపీ నలుపుతూ. "మా ఇల్లు కూడా అమ్మకానికి పెట్టాం. ఇప్పుడక్కడ ఎవరో చూస్తున్నారు. పిల్లల్తో ఎక్కడికెళ్లాలి? ఊళ్లో హోటళ్లన్నీ మూసేశారు. ఎక్కడైనా వెచ్చగా కాసేపు కూర్చోవచ్చని మీ ఇల్లు చూస్తామన్నాం."

"మీ ఏజెంట్ ఎవరు?"

"క్రిస్టల్ గారు. మార్కెట్లో మేమొక్కరమే ఉంటామన్నారు."

"మీ ఇల్లు చూస్తున్నవాళ్లు ఎవరట?"

"ఎవరో మరి. చాలా సీరియస్ పార్టీ అన్నారు."

లొరెయిన్ వాళ్లను తిడుతుందనే నేననుకున్నాను. ఆమె అల్మరా తెరిచి ఆ ప్లేటు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి చాలదని ఇంకో మూడు తీసింది. స్టవ్ వెలిగించి, దాల్చినచెక్క నీళ్లు సింకులో పారబోసి, చల్లారిన చేపను పెనం మీద వేసింది. గుమ్మంలోకి వచ్చి, "లోపలికి రండి, సూప్ చల్లారిపోతోంది," అని మొగుణ్ణీ చెల్లెల్నీ కేకేసింది.

ఇదంతా నాకెలా తెలిసిందంటారా? సగం తరవాత వాళ్లే చెప్పారు, మిగతా సగం కళ్లారా చూశాను, వాళ్ల కారు వెనకే నా కారు ఉంది. లోపల నేనున్నాను. నా ఇల్లూ చూపిస్తున్నారు మరి! మార్కెట్లో నేనొక్కణ్ణే ఉంటానని నాకూ రహస్యంగా చెప్పింది క్రిస్టల్. నార్బర్ట్ కుంటుకుంటూ వచ్చి నా అద్దం మీద తట్టాడు.

"మిమ్మల్ని రమ్మంటోందండీ. ఇంకో ప్లేటు పెట్టించింది."

అందరం రొట్టె విరుచుకుని తిన్నాం. కర్టిస్ పిల్లలు క్యాబేజీని అనుమానంగా చూసి, తరవాత గిన్నె ఖాళీ చేశారు. మధ్యలో క్రిస్టల్ ఫోన్ చేసింది. నార్బర్ట్ స్పీకర్‌లో పెట్టాడు.

"వాళ్లింకా వెళ్లలేదా అండీ? సీరియస్‌గానే ఉన్నారా?"

"చాలా సీరియస్సు," అంది లొరెయిన్. "రెండోసారి వడ్డించుకుంటున్నారు."

క్రిస్టల్ గొంతు తగ్గించింది. "చేప వాసన లేదు కదా?"

"ఇల్లంతా అదే వాసన."

"అయ్యో, ఇక ఈ వారం ఎవర్నీ తీసుకురాలేం. మళ్లీ ఎప్పుడు చూపిద్దాం మరి?"

లొరెయిన్ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరినీ చూసింది. "మేం తినడం అయ్యాక," అని ఫోన్ పెట్టేసి, నా ప్లేటులో చేపముక్క వేసింది.

ఎదురుగా నా ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. లోపల ఎవరున్నారో నాకు తెలియదు. వాళ్లు తిన్నారో లేదో కూడా తెలియదు.