ఓజోను తినేసిందెవరు?

"నేరస్థులారా, లొంగిపోండి! డేగకన్ను వచ్చేశాడు!"

బెలూన్ల షెడ్డు గుమ్మంలో నిలబడి తమ్ముడు గర్జించాడు. ఎవరూ లొంగలేదు. అక్క తలైనా ఎత్తలేదు. డేగకన్ను అన్నది వాడు తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. కళ్లద్దాలు తీస్తే గుమ్మం కూడా కనపడదు.

అక్కది ఆకాశంలో ఓజోను కొలిచే పని. చిన్న పెట్టెలోని పంపు గాలి పీల్చి మందునీళ్లలో బుడగలుగా వదులుతుంది. ఓజోను ఉంటే మీటరు ముల్లు లేస్తుంది. ఆ పెట్టెను బెలూనుకు కట్టి మబ్బులు దాటిస్తుంది. ఏడేళ్లలో ఒక్క నెల తప్పలేదు. ఈ నెలకి ఇవాళే ఆఖరు, పదకొండు దాటితే ఎగరెయ్యనివ్వరు. పదిన్నరయింది. పరీక్షకని, ఓజోను పుట్టించే యంత్రం నుంచి గొట్టంతో పెట్టెలోకి పంపిస్తుంటే ముల్లు సున్నా దగ్గరే మొండికేసింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దున తమ్ముడితో ఫోన్లో, "ఓజోనంతా మధ్యలో ఎవరో తినేస్తున్నట్టుందిరా" అని వాపోయింది. అదే కొంప ముంచింది.

"ఎన్నాళ్లుగా తింటున్నారక్కా?"

"ఒరేయ్, అది గాలిరా!"

"గాలిని కూడా వదల్లేదన్నమాట!" తమ్ముడు గుమ్మం పక్కనున్న వాచ్‌మన్ మీదికి తిరిగాడు. "వాచ్‌మన్, నిజం చెప్పు. ఏం తిన్నావ్?"

"పొద్దున్నించి చివాట్లు తప్ప ఏం తినలేదు బాబూ."

తమ్ముడు కళ్లు మూసుకుని వేలెత్తాడు. "దొంగ ఆనవాళ్లు తెలిసిపోయాయి! సన్నం, పొడుగు, తెలుపు. పైకి మెత్తన, లోపల డొల్ల!"

సరిగ్గా అప్పుడే సంతకం కోసం స్టోరుకీపరు వచ్చాడు. పాపం, సన్నగా పొడుగ్గా తెల్లగా ఉంటాడు.

"నేనా? నిన్న మేడమ్ గారికి కొత్త గొట్టం ఇచ్చాను, అంతేనండీ!"

"కదలకు!" అంటూ తమ్ముడు లంఘించాడు. గొట్టం కాలికి చుట్టుకుని దభీమని పడ్డాడు. గొట్టం ఊడి వాడి మెడలో పడింది. పెట్టె బల్లమీద జారి, ఓజోను యంత్రం మూతికే ఆనుకుంది.

ముల్లు ఒక్క ఉదుటున లేచింది.

అక్క తమ్ముణ్ణి లేపలేదు. వాడి మెడలోని గొట్టం లాగి చూసింది. సాగింది.

"కొత్త గొట్టం రబ్బరుది! ఓజోను రబ్బరుకి తగిలితే చచ్చూరుకుంటుంది. పెట్టెకేం జబ్బు లేదు. పదండి, పదండి!"

పదకొండుకు రెండు నిమిషాల ముందు బెలూను లేచింది. అది చుక్కంత అయ్యేదాకా చూసి, ఏడేళ్ల లెక్క నిలబడినందుకు అక్క కళ్లు తుడుచుకుంది.

ఆమె షెడ్డులోకి తిరిగి రాగానే, "చెప్పానా?" అన్నాడు తమ్ముడు ఇంకా నేలమీంచే. "సన్నం, పొడుగు, తెలుపు. పైకి మెత్తన, లోపల డొల్ల!"

అక్క చేతిలోని గొట్టాన్ని చూసింది. ఒక్క ఆనవాలూ తప్పలేదు. ఈసారి వాడికి చెయ్యందించి లేపింది.

"మరి నా సంగతి బాబూ?" అన్నాడు వాచ్‌మన్ దీనంగా.

"నువ్వు నిర్దోషివి. ఇక వెళ్లి తిను!"