మూడంగుళాల అద్దె

ఆ మహానగరంలో ఇంటద్దె ఎత్తుతో కడతారు కాబట్టి, పదకొండేళ్లుగా అక్కడ కాపురముంటున్న సుదర్శనం ఇప్పుడు సరిగ్గా మూడడుగులున్నాడు. ఏడాదికి మూడంగుళాలు. మెట్రో స్టేషను పక్కనే, మంచినీళ్లు రోజూ వస్తాయి, ఆపాటి రేటు ఎక్కడైనా ఉంటుంది.

దూరపు కొండలు నునుపంటారు గానీ, ఈ నగరం సంగతిలో దూరాన ఉన్నవాళ్లే ముక్కు మీద వేలేసుకుంటారు. అదీ ఓ బతుకేనా అంటారు. ఇక్కడ అవకాశాలు ఎక్కువండీ అని నగరవాసులు ఓపిగ్గా తలెత్తి చెబుతారు. తలెత్తక ఎలాగూ తప్పదు.

ఈసారి చిక్కేమిటంటే, మూడడుగుల కంటే తగ్గించి ఎవరి దగ్గరా వసూలు చెయ్యకూడదని చట్టం. పాపం, దయగల చట్టమే. భార్య ఎత్తు బాల్కనీ అద్దె కిందే చెల్లిపోయింది. ఇక మిగిలింది తొమ్మిదేళ్ల కూతురు హంసిని. ఈసారి టేపు ఆ పిల్ల నెత్తినే పెడతారు.

సంగతి తెలిసి మండపేట నుంచి అక్క సీతారత్నం మొదటి బస్సుకే వచ్చింది. తెచ్చిన ఆవకాయ జాడీ పెట్టడానికి పై అర కోసం వెతికింది. ఆ ఇంట్లో పై అరలు పీకేసి ఆరేళ్లయింది.

"ఏవిట్రా ఇది? నాన్నంత పొడుగుండేవాడివి. పిల్లని నేను తీసుకుపోతాను. దాన్నైనా ఎదగనీ."

"ఊళ్లో ఏవుందక్కా?" అన్నాడు సుదర్శనం. ఆ మాట అతనికే గట్టిగా వినపడలేదు.

పదింటికి కొలతల గుమాస్తా పాండురంగం వచ్చాడు. ఎక్కడానికి స్టూలు తనే తెచ్చుకున్నాడు. సీతారత్నం పిల్లకి అడ్డంగా నిలబడింది.

"దీని జోలికొస్తే ఊరుకోనండి. ఇదేం ఊరు, మనుషుల్ని అరగదీసుకు తింటన్నారు?"

గుమాస్తా ఆ మాటల్ని 'బయటివారి విమర్శ' అన్న గడిలో రాసుకున్నాడు. "రోజూ వస్తాయమ్మా. అందరూ ఇంచుమించు ఇదే అంటారు. పాపది ఎదిగే వయసు, పోయిన ఎత్తు మళ్లీ వస్తుంది లెండి."

హంసిని అత్త చేతికింద నుంచి దూరి గోడ దగ్గరికి వెళ్లింది. "నేనే ఇస్తానత్తా. క్లాసులో అందరికన్నా పొడుగు నేనే. పల్లెటూరిదానా అని ఏడిపిస్తున్నారు."

సుదర్శనం కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు. గుమాస్తా టేపు తీసేసరికి హంసిని గౌను అంచు మోకాళ్లు దాటి కిందికి దిగింది. పిల్ల అద్దంలో చూసుకుని, తృప్తిపడి, ఆడుకోవడానికి పోయింది.

సీతారత్నం కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గుమాస్తా టేపు చుట్టబోతుంటే ముక్కు చీదుకుని, గొంతు తగ్గించింది.

"మావాడు డిగ్రీ అయ్యి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడండి. ఆరడుగులుంటాడు. ఇక్కడో గది దొరుకుద్దా?"

"దొరుకుతుందమ్మా. అడ్వాన్సు మాత్రం ముందే కట్టాలి. అబ్బాయిదే కానక్కర్లేదు, తల్లిదయినా తీసుకుంటాం."

సీతారత్నం కొప్పు విప్పేసి, గోడకి వీపు ఆనించి, నిటారుగా నిలబడింది.