కట్టయ్య పాస్‌పోర్టు, రామలింగం పరిశోధన

అన్యాయం ఎవరికి జరిగింది? కొత్తవాడలో జంపఖానాలు నేసే కట్టయ్యకు. ఎలా జరిగింది? రెండుసార్లు జరిగింది.

మొదటిది పన్నెండేళ్ల నాటిది. కట్టయ్య ఆరు నెలల పాటు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని, వరంగల్ ఖిలాలోని రాతి తోరణాన్ని పోగు పోగుగా నూలు జంపఖానా మీదికి దించాడు. దాన్ని కొన్న లక్ష్మీనారాయణ సేటు హైదరాబాదులో పోటీకి పంపి, 'నేసినవారు' అన్న చోట తన పేరు రాయించుకొని, వెండి పతకం తెచ్చి దుకాణం గోడకు తగిలించాడు. కట్టయ్యకు కూలి ముట్టింది. పేరు ముట్టలేదు.

రెండవది పందొమ్మిది వందల ఎనభై రెండు, మే నెలలో ఒక గురువారం మధ్యాహ్నం బయటపడింది. లండన్‌లో చేతిపనుల ప్రదర్శన జరగబోతోంది. అక్కడ అందరి ముందూ కూర్చుని నేసి చూపించడానికి ప్రభుత్వం వారు కట్టయ్యను ఎంపిక చేశారు. ఆ సాయంత్రం ఆరున్నరకు కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కాలి. ఒంటిగంటకు రేకు పెట్టె తెరిచి చూసుకుంటే పాస్‌పోర్టు లేదు, విమానం టికెట్టు లేదు, బ్యాంకువారిచ్చిన ఇరవై పౌండ్లు కూడా లేవు. కట్టయ్య వెళ్లలేకపోతే బదులుగా వెళ్లవలసిన మనిషి పేరు కూడా ప్రభుత్వ కాగితంలో ఉంది. ఆ పేరు, పతకం పొందిన 'నేతగాడు' లక్ష్మీనారాయణ సేటుది.

"కిషన్! ఆ యంత్రాన్ని ఆపు!" అన్నాడు రామలింగం. "కాకతీయుల కాలం నుంచి ఈ ఓరుగల్లు గడ్డ మీద ఇంతటి అంతర్జాతీయ కుట్ర జరగలేదు. దీన్ని ఛేదించగల మెదడు ఆసియా ఖండంలో ఒక్కటే ఉంది. అది ప్రస్తుతం నీ ఎదుట నిలబడి ఉంది."

వరంగల్ చౌరస్తాలో ఒక వరండా అద్దెకు తీసుకొని, అర్జీలు టైపు చేసి బతికే కిషన్ రావు తల ఎత్తాడు. ఎదుట రామలింగం: నిప్పులు చెరిగే ఎండలో మోకాళ్లు దిగిన నల్లటి రెయిన్‌కోటు, చేతిలో గడియారాలు బాగుచేసేవాని దగ్గర కొన్న భూతద్దం, ముఖం నిండా చెమట.

"జర నీడకు రారాదు?" అన్నాడు. "ఖండానికంత ఉన్నదొక్కటేనంటివి. అది గూడ ఉడికిపోతది."

రామలింగం బతుకుతెరువు పరిశోధన కాదు. పక్క గదిలో డిటెక్టివ్ నవలలు రోజుకు పది పైసల చొప్పున అద్దెకిస్తాడు. చేతులు మారి మారి ఆ నవలలన్నిటికీ చివరి పేజీలు ఊడిపోయాయి. అందువల్ల నేరం ఎలా మొదలవుతుందో అతనికి తెలిసినంతగా ఏ పోలీసు అధికారికీ తెలియదు. అది ఎలా తేలుతుందో మాత్రం అతనికి ఎన్నడూ తెలిసిరాలేదు.

విషయం విన్నాక కిషన్ రావుకు నవ్వు రాలేదు. కట్టయ్య పాస్‌పోర్టు దరఖాస్తు టైపు చేసింది అతడే. 'వృత్తి: నేత' అని కొట్టినప్పుడు, ఆ మాట ఇన్నాళ్లకు చేరవలసిన పేరు పక్కన చేరిందని అతడు లోలోపల ఎంతో తృప్తి పడ్డాడు. ఆ తృప్తి ఇప్పుడు నీరుగారిపోయింది.

నాలుగు రోజుల కిందట రామలింగం తనంతట తాను కొత్తవాడకు వెళ్లి, పరదేశ ప్రయాణంలో డబ్బునూ కాగితాలనూ కాపాడుకొనే విద్య బోధిస్తానన్నాడు. "నడుముకు గుడ్డసంచి కట్టుకొని అంగీ లోపల పెట్టుకుంటే సాలదా? పాస్‌పోర్టు నంబరు వేరే కాయితం మీద రాసుకుంటే పోయినా పనికొస్తది," అన్నాడు కిషన్ రావు. "అది ఒకటవ తరగతి పాఠం," అని రామలింగం జాలిగా నవ్వాడు. ఆపైన కిషన్ రావునూ కట్టయ్యనూ అరుగు మీదికి పంపేసి, తలుపు మూసి, కట్టయ్య భార్య సమ్మమ్మ ఒక్కదానికే అరగంట సేపు రహస్యంగా ఏదో బోధించాడు.

ఇప్పుడు ఇద్దరూ రిక్షాలో కొత్తవాడ చేరేసరికి కట్టయ్య ఖాళీ పెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు.

"వచ్చినవా కిషనన్నా! ఇల్లంత బోర్లేసి ఎదికిన. యాడ లేదు," అన్నాడు. "పేరు ఒక్కసారన్న నాదయితదనుకున్న. అది గూడ సేటుకే రాసిపెట్టి ఉన్నదేమో."

సమ్మమ్మ గడప మీద కూర్చుని నిమ్మళంగా బియ్యంలో రాళ్లు ఏరుతున్నది.

రామలింగం భూతద్దంలోంచి ఆమెను పరికించాడు. "ఓ గృహిణీ! నేనడిగే ప్రశ్నలకు తడుముకోకుండా సమాధానం చెప్పు. పత్రాలు చివరిసారి ఎక్కడ చూశావు?"

"నాకు తెల్వదు."

"ఇంటికెవరైనా కొత్త మనిషి వచ్చాడా?"

"తెల్వదు."

"నీ పేరు?"

సమ్మమ్మ క్షణం ఆలోచించింది. "అది గూడ తెల్వదు."

"ఏందే!" కట్టయ్య అదిరిపడ్డాడు. "ఎండదెబ్బ గిట్ల తాకిందా?"

"పోనీ, ఈయన ఎవరు?"

"ఎవలో! పొద్దుగాల్నుంచి ఈడనే తిరుగుతాండు."

రామలింగం కిషన్ రావును పక్కకు లాగాడు. "చూశావా? జ్ఞాపకశక్తి పూర్తిగా నశించింది. శత్రువు మత్తుమందు ప్రయోగించాడు."

"అగో, ఆమెనే యాడన్న దాసిందేమో?"

"అడిగాను కదా, తెలియదంది. ఈ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు."

అంతలో సమ్మమ్మ మంచినీళ్ల కోసం మగ్గమున్న గదిలోకి వెళ్లింది. మరుక్షణంలో చెంబు దభేలుమని పడింది.

"ఓయ్! మూలకు నిలవెట్టిన జంపఖానా సుట్ట ఏమాయె?"

"పొద్దుగాల నువ్వు నల్లకాడికి పోయినప్పుడు సేటు దుకాణంల వేసొచ్చిన," అన్నాడు కట్టయ్య. "దేశం దాటిపోయేటోణ్ణి, ఒప్పుకున్న పని మిగిలిపోవద్దని."

"లండన్ నుంచి వచ్చినంక ఇస్తనంటివి గద!"

"అన్న. మనసొప్పలే. ఏమయిందే?"

సమ్మమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని గోడకు జారగిలబడింది. నోరు తెరిచింది; రామలింగం వైపు అనుమానంగా చూసి, మళ్లీ మూసుకుంది. "నాకు తెల్వదు," అంది.

కిషన్ రావుకు ఏదో తట్టబోయింది. కానీ అప్పటికే రామలింగం రెయిన్‌కోటు ఎగరేసుకుంటూ వీధిలోకి దూకాడు. "సేటు! ఆ పేరు వినగానే ఆమె కుప్పకూలింది. నేరస్థుడు తేలిపోయాడు! పదండి, కుట్రదారుడి గుహలోకి!"

గుహ చౌరస్తాలోనే ఉంది. కిషన్ రావు వరండాకు సరిగ్గా ఎదురుగా, నాలుగు మెట్ల పైన. లోపల చుట్టిన జంపఖానాలు గోడల వెంట స్తంభాల్లా నిలబెట్టి ఉన్నాయి. రామలింగం తలకు తువ్వాలు చుట్టి, మీసం దువ్వి, గొంతు మార్చాడు.

"నేను ములుగు అడవి కాంట్రాక్టర్‌ను. మేడారం జాతరకు యాభై జంపఖానాలు కావాలి."

గల్లా దగ్గర కూర్చున్న లక్ష్మీనారాయణ సేటు పద్దుల పుస్తకంలోంచి కళ్లెత్తాడు. "జాతర మొన్న మాఘంల అయిపాయె. మళ్ల రెండేండ్లకు గద. ఏం రామలింగం, అంత ఖైరియతేనా? ఎండల గా కోటేంది?"

"రామలింగమా? ఆయనెవరు?"

"ఎవలైతేంది గని, నీ దుకాణంల తెచ్చిన నవలకు ఆఖరి పేజీల్లేవు. చంపినోడెవడో తెల్వక మా కోడలు రెండు దినాల సంది వంట సక్కగ చేస్తలేదు. జర చెప్పిపోరాదు?"

రామలింగం ముఖం పాలిపోయింది. "అది... వృత్తి రహస్యం."

కట్టయ్య ఇక ఆగలేకపోయాడు. "సేటూ, నా పాస్‌పోర్టు పోయింది."

సేటు చెయ్యి పుస్తకం మీదే ఆగిపోయింది. "పోయిందా? ఇయ్యాల బండి గదా నీకు?"

"బండి సంగతి నీకెట్ల తెలుసు?" అని గర్జించాడు రామలింగం. ఆ సంగతి పట్టణమంతటికీ తెలుసు. "నీ నటన కట్టిపెట్టు! ఎవరూ కదలకండి!" అంటూ భూతద్దం కంటికి పెట్టుకొని గల్లాపెట్టె వైపు వంగి నడిచాడు. భూతద్దంలో గల్లాపెట్టె గదంత పెద్దదిగా కనిపించింది. కాళ్ల కింద పడి ఉన్న జంపఖానా చుట్ట మాత్రం కనిపించలేదు. దాని మీద కాలు పడింది. అది దొర్లింది. రామలింగం గాలిలో చేతులాడించి, ఆధారం కోసం గోడ పక్కనున్న చుట్టను కౌగలించుకున్నాడు. అది పక్కదాని మీద, పక్కది ఆ పక్కదాని మీద...

"అవ్వో, సచ్చినరో!" రామలింగం మాటల్లోని గ్రాంథికమంతా ఒక్క కేకతో ఎగిరిపోయింది.

చివరి చుట్ట తాడు తెంపుకొని గడప దాటి, మెట్ల మీదుగా ఒక్కో మెట్టూ విప్పుకుంటూ నడివీధిలోకి పరుచుకుంది. దాని కొసన ఒక పసుపుపచ్చ గుడ్డ మూట బయటపడి, ఎదురుగా వస్తున్న రిక్షా చక్రం ముందు ఆగింది. కిషన్ రావు పరుగున వెళ్లి విప్పాడు. పాస్‌పోర్టు, టికెట్టు, ఇరవై పౌండ్లు, అన్నీ ఉన్నాయి.

చౌరస్తా మొత్తం కదిలి వచ్చింది. "ఏమాయె?" "సేటు దుకాణంల కట్టయ్య పాస్‌పోర్టు దొరికిందట!" "లండన్ తను పోదామని దొంగిలించిండు!" "ఠాణాకు వట్టుకపోండ్రి!"

"నా పిల్లల మీద ఒట్టు! నాకేం తెల్వదు!" అన్నాడు సేటు. ఇద్దరు అప్పటికే అతని రెక్కలు పట్టుకున్నారు.

కుప్ప కింది నుంచి రామలింగం తల బయటపెట్టాడు. "నేను ముందే చెప్పాను!"

కట్టయ్య గోడకు వేలాడుతున్న వెండి పతకాన్నీ, రెక్కలు విరిచి పట్టుకోబడిన సేటునూ మార్చి మార్చి చూశాడు. ఆ నిమిషంలో కిషన్ రావు మనసులో మెదిలిన కోరిక న్యాయమైనది కాదు. పన్నెండేళ్ల పాటు శిక్ష తప్పించుకున్నవాడు, చెయ్యని తప్పుకైనా సరే ఒక రాత్రి ఠాణాలో కూర్చోనీ అనుకున్నాడు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ, రొప్పుతూ సమ్మమ్మ వచ్చింది. మూటను చూసింది. సేటును చూసింది.

"ఇడువుండ్రి ఆయన్ను," అంది. "ఆ మూట సుట్టల వెట్టింది నేను. సేటు తియ్యలే."

"నువ్వా?" కట్టయ్య నోరు తెరిచాడు. "మరి పొద్దుగాల్నుంచి తెల్వదంటివి?"

"ఏమంటనయ్యా మరి! గీయన్నే జెప్పిండు." ఆమె వేలు కుప్పలో ఉన్న రామలింగం మీద నిలిచింది. "కాయితాలు ఎవ్వలికి తట్టని కాడ దాయాలె, పోయేటాయనకు అసలే తెల్వొద్దు, ఎవలడిగినా తెల్వదనాలె, ఆఖరికి నేనే అచ్చి అడిగినా చెప్పొద్దు, శత్రువు నా యేషంల అస్తడు, బండి కూతేసినంకనే నోరిప్పాలె అని ఒట్టేయించుకున్నడు. అడుగుండ్రి!"

జనమంతా రామలింగం వైపు తిరిగారు. అతను గంభీరంగా దుమ్ము దులుపుకున్నాడు.

"నా పద్ధతి ఎంత పకడ్బందీగా ఉందో గమనించారా?" అన్నాడు. "దాన్ని ఛేదించడానికి నేనే దిగి రావలసి వచ్చింది."

"నువ్వు దిగలే, పడ్డవ్," అన్నాడు కిషన్ రావు. "ఇగ ఆ మూట నా చేతిలకెల్లి నీ చేతిలకు రాదు. సమ్మమ్మా, నడుముకు కట్టేటట్టు సంచి కుట్టు. నంబరు నేను రాసిస్త."

నవ్వులతో జనం పలచబడసాగారు. సేటు మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. రెక్కలు వదిలినా చేతులు ఇంకా వెనక్కే ఉన్నాయి.

"ఎందుకు చెప్పినవమ్మా?" అన్నాడు మెల్లగా. "నువ్వు ఊకుంటే నేను ఠాణాల ఉండేటోణ్ణి."

"చెయ్యని తప్పు నీ నెత్తినెందుకెయ్యాలె సేటూ?" అంది సమ్మమ్మ. "చేసింది నీకెర్కలేదా?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. అదే సేటుకు భరించరానిదైంది. అతను స్టూలెక్కి పతకాన్ని దించాడు. అంగీ అంచుతో తుడిచి కట్టయ్య చేతిలో పెట్టాడు. కట్టయ్య దాన్ని పట్టుకొన్నాడే కానీ వేళ్లు ముడవలేదు.

"వెండి ఇస్తే సరిపాయెనా సేటూ?" అని అడిగాడు కిషన్ రావు. అతని గొంతు అతనికే కరుకుగా వినిపించింది. "కాయితాల్ల ఇంకా నీ పేరే ఉన్నది గద."

"నీ మిషన్ తే, కిషన్ రావూ," అన్నాడు సేటు.

గల్లా మీద టైపు యంత్రం పెట్టారు. మూడు కాగితాల మధ్య కార్బన్లు పెట్టి కిషన్ రావు సిద్ధంగా కూర్చున్నాడు. సేటు ఒక్కో మాటా చెప్పాడు. పన్నెండేళ్ల కిందట బహుమతి పొందిన తోరణం జంపఖానాను నేసినది కొత్తవాడ నివాసి కట్టయ్య. నేను నేయలేదు. నాకు నేయడం రాదు. పేరు మార్పించింది నేనే. ఇందుకు కట్టయ్యను మన్నించమని కోరుతున్నాను. మూడింటి కిందా సంతకం చేసి దుకాణం ముద్ర వేశాడు.

"ఒకటి హైదరాబాదు ఆఫీసుకు," అన్నాడు కిషన్ రావు. "ఒకటి నీతోటి లండన్‌కు. మూడోది?"

కట్టయ్య గోడను చూశాడు. పతకం దించినచోట సున్నం వెలిసిపోకుండా గుండ్రంగా తెల్లటి మచ్చ ఉంది. దాని నడుమ మేకు ఒంటరిగా మిగిలింది.

"ఆడ," అన్నాడు.

సేటు పాత చట్రం ఒకటి వెతికి, కాగితాన్ని అందులో అమర్చి, మళ్లీ స్టూలెక్కి మేకుకు తగిలించాడు. కట్టయ్య రెండడుగులు వెనక్కి జరిగి, కన్ను చిట్లించి, పడుగు సరిచూసుకొనేవాడిలా పరికించాడు.

"ఎడమదిక్కు జర కిందికి వంగింది, సేటూ."

సేటు సర్దాడు.

"ఇంకొంచెం... ఆఁ. ఇగ సరిపాయె," అని కట్టయ్య పతకం చుట్టూ వేళ్లు ముడిచాడు.