కెమెరా కారు దిగరాదు

కెమెరాను కనిపెట్టినవాళ్ళు గొప్పవాళ్ళే కావచ్చు. కానీ దాన్ని కారు వెనక సీట్లో పెట్టుకుని తెనాలిలో బయల్దేరి, రేపల్లెలో ఒక పెళ్ళీ బాపట్లలో ఒక రిసెప్షనూ ముగించుకుని, మళ్ళీ అదే కెమెరాతో తెనాలి చేరడం అంతకన్నా గొప్ప విషయమని మా సంఘం రెండువేల నాలుగో సంవత్సరంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘం పేరు తెనాలి, బాపట్ల, రేపల్లె ఫోటోగ్రాఫర్ల సంక్షేమ సంఘం. అధ్యక్షులు వలి గారు. కార్యదర్శిని నేను. (మూడు ఊళ్ళ పేర్లూ పట్టేట్టు రబ్బరు స్టాంపు చేయించడానికే నాలుగు నెలలు పట్టింది. స్టాంపు వచ్చాక దాన్ని దేనిమీదో ఒకదాని మీద వెయ్యాలి గదా.)

తీర్మానానికి కారణం ఒక దొంగతనం. వలి గారు ఒక పెళ్ళికి వెళ్తూ బాపట్లలో కారాపి, ఇడ్లీ తిని వచ్చేసరికి వెనక సీట్లో కెమెరా సంచీ లేదు. ఆయన పడ్డ బాధ నేను కళ్ళారా చూశాను. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కెమెరా లేని ఫోటోగ్రాఫరుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆయన వాటిని జేబుల్లో పెట్టుకుని స్టూడియో ముందు అటూ ఇటూ తిరిగారు. అది చూశాక ఎవరికీ ఎదురు చెప్పాలనిపించలేదు. 'వాహన ప్రయాణ కెమెరా భద్రతా ఉపసంఘం' వేశాం. ఉపసంఘం కూర్చుని ముప్ఫై ఒక్క నియమాలు రాసింది. (పదిహేను రోజుల తరవాత ఆ కెమెరా వలి గారింట్లోనే బియ్యం డ్రమ్ము వెనక దొరికింది. ఆ రోజు ఆయన దాన్ని కార్లో పెట్టుకోవడమే మర్చిపోయారు. ఆయన భార్య మున్నీసా గారు భద్రంగా ఉంటుందని అక్కడ దాచారు. అప్పటికి నియమావళి అచ్చయిపోయింది కాబట్టి, దొంగతనం జరిగినట్టే భావించాలని ఇంకో తీర్మానం చేశాం.)

నియమాలన్నీ చెప్పి విసిగించను. మూడోదాని ప్రకారం ప్రతి కారు వెనక అద్దం మీదా 'ఈ కారులో కెమెరా లేదు' అని పెద్ద అక్షరాలతో రాయించాలి. అంతవరకూ కారులో కెమెరా ఉంటుందన్న ఆలోచన రానివాళ్ళు కూడా ఆగి లోపలికి తొంగి చూడడం మొదలుపెట్టారు. అయిదోదాని ప్రకారం నలుగురిలో 'కెమెరా' అనకూడదు, 'అత్తగారు' అనాలి. (ఇది నెలలోనే రద్దయింది. 'అత్తగారిని వెనక సీట్లో పెట్టి తాళం వేసేశా' అని నేను ఫోన్లో చెబుతుంటే రేపల్లె బస్టాండు దగ్గర ఒకావిడ చెప్పు తీసింది.)

అన్నిటికీ ప్రాణం ఏడో నియమం. కెమెరా ఎప్పుడు పోతుంది? దాన్ని కార్లో వదిలి మనిషి దిగినప్పుడు. పోనీ కెమెరాను కూడా దింపితే? జనంలో ఏ కుర్చీ మీదో పెట్టి తాంబూలం అందుకుంటాడు, అక్కడ పోతుంది. కాబట్టి మనిషీ దిగకూడదు, కెమెరా కూడా దిగకూడదు. ఈ వాదనలో తప్పు పట్టగలిగినవాడు ఇంతవరకూ మా సంఘంలో చేరలేదు. నియమం ఇలా అచ్చయింది: 'కెమెరా కారు దిగరాదు. ఫోటోలు వెనక కిటికీ నుండి తీయవలెను. అద్దము లెన్సు పట్టునంత మేర మాత్రమే దించవలెను.'

మొదట్లో కొంచెం ఇబ్బంది పడ్డ మాట నిజం. పిట్టలవానిపాలెంలో జీలకర్ర బెల్లం వేళకు వధూవరుల్ని పీటల మీంచి లేపి కారు దాకా నడిపించాం. పురోహితుడు మంత్రం ఆపకుండానే వెంట వచ్చాడు. సంగం జాగర్లమూడి వాళ్ళు తెలివైనవాళ్ళు, పందిరే కాలవ గట్టున రోడ్డు మీద వేసేశారు. (రెండు బస్సులు ఆగిపోయాయి. బస్సుల్లోవాళ్ళు కూడా భోంచేసి వెళ్ళారు.) బాపట్లలో ఒక కల్యాణమండపం యజమాని గేటు స్తంభం కొట్టించి, 'కెమెరా కారు స్టేజీ వరకు వచ్చును' అని బోర్డు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి జనం అలవాటుపడ్డారు. పొడుగు పెళ్ళికొడుకులు వారం ముందునుంచీ ఇంట్లో నడుం వంచి నవ్వడం సాధన చేసేవారు. మా డ్రైవరు ఆదాముకు పెళ్ళిళ్ళు చూడ్డం సరదా. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తుండేవాడు. ఆ ఏడాది మూడు ఊళ్ళలో నేను కట్టిన ప్రతి ఆల్బంలోనూ పెళ్ళికూతురి ముఖం కంటే అతని కుడి చెవి స్పష్టంగా వచ్చింది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ ఏడో నియమానికి నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే ఏమయ్యేదని అడగొచ్చు. తెనాలిలో మా రీళ్ళు కడిగే ల్యాబు సంఘానిదే. నియమం తప్పినవాడి రీలు అక్కడ కడగరు. కడగని రీలు జేబులో పెట్టుకుని పెళ్ళివారి ముందు నిలబడ్డవాడికి నా పిరికితనం అర్థమవుతుంది. మిగతావాళ్ళు తిట్టుకోవచ్చు.

ఇక రేపల్లె సంగతి.

లూకా మాస్టారు రేపల్లెలో నాకు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి, అద్దెకున్న పై వాటాలో మంచం పట్టారు. కదిలిస్తే ప్రాణానికి ప్రమాదమనీ, మెట్లు దించే మాటే తలపెట్టొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు హెలెన్ పెళ్ళి లూథరన్ చర్చిలో జరిగింది. కూతుర్ని చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్ళడం తనవల్ల కాదని మాస్టారు ఒప్పుకున్నారు. కోరుకున్నది ఒక్కటే. చర్చి నుంచి హెలెన్ తిన్నగా పైకి వచ్చి, పెళ్ళి బట్టల్లో తన పక్కన కూర్చుంటే ఒక ఫోటో. పొద్దుటే కోటు వేయించుకుని, అది నలగకుండా దిండ్లకు ఆనుకుని ఎదురుచూశారట.

చర్చి ఫోటోలు బాగానే వచ్చాయి (పాస్టరు గారు ప్రమాణాలు గేటు దగ్గర చేయించారు). తరవాత కారు మాస్టారింటి ముందు ఆగింది. హెలెన్ చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కేసింది. ఆమె తల్లి కొండమ్మ గారు కారు దగ్గరికి వచ్చారు.

"రా నాయనా, మాస్టారు నీకోసమే చూస్తున్నారు. పైకి రా."

"పైకి రావడానికి లేదండీ. కెమెరా కారు దిగకూడదు. నియమం."

"ఎవరు పెట్టారయ్యా ఆ నియమం?"

"మా ఫోటోగ్రాఫర్ల సంఘమండి."

"ఆ సంఘంలో నువ్వు లేవా?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పడం ఇష్టంలేక వలి గారికి ఫోన్ చేశాను.

"వలి గారూ, రేపల్లె నుంచండి. లూకా మాస్టారు మంచం మీదున్నారు. పై వాటా. ఒక్క ఫోటో కోసం కెమెరా దింపుతానండి."

"అయ్యో, లూకా మాస్టారే? మా చెల్లెలు సుమయాకి కూడా ఆయనే చెప్పారయ్యా లెక్కలు. దేవుడులాంటి మనిషి." (ఇది మనస్ఫూర్తిగానే అన్నారు. వలి గారు చెడ్డవారు కాదు, అధ్యక్షులు.) "పదకొండో నియమం చూడు. నమ్మకమైన కాపలా మనిషి పక్కనుంటే దింపొచ్చు. నీతో ఎవరున్నారు?"

"డ్రైవరు ఆదామున్నాడండి."

"ఏ ఊరతనిది?"

కాపలా మనిషి పత్రంలో స్వగ్రామం అన్న గడి గీసింది నేనే. "స్టూవర్టుపురమండి," అన్నాను. దొంగల ఊరని ఎప్పుడో పేరుపడ్డ ఊరు. ఆదాము ముందు అద్దంలోంచి నా వంకే చూస్తున్నాడు. నాలుగేళ్ళుగా మా కెమెరాలన్నీ అతని వీపు వెనకే కూర్చుని తిరిగాయి. ఒక్క లెన్సు మూత పోలేదు.

"ఇంకెవరైనా ఉన్నారేమో చూడు," అని వలి గారు ఫోన్ పెట్టేశారు.

ఆదాము కారు దిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పోనీ నేను అలా వీధి చివరిదాకా వెళ్ళి నిలబడతానండి. మీకు కనపడనంత దూరం. నేను లేకపోతే ఇబ్బంది లేదు కదండీ? మీరు పైకెళ్ళి తీసుకొచ్చేయండి."

అనడమే కాదు, వెళ్ళాడు కూడా. నాకు సిగ్గేసింది. కానీ డ్రైవరు లేని కారు విషయంలో పందొమ్మిదో నియమం మరీ కఠినం. తలుపులన్నిటికీ లోపల గడియ వేసుకుని కూర్చోవలెను. వేసుకుని కూర్చున్నాను.

కొండమ్మ గారికే ఒక ఉపాయం తోచింది. మంచాన్ని పైన కిటికీ పక్కకు జరిపించారు. మాస్టారు తల ఎత్తలేరు గనక, ఆయన కుడి చేతిని ఊచల మధ్య నుంచి బయటికి పెట్టించారు. హెలెన్ కిందికి వచ్చి సరిగ్గా ఆ కిటికీ కింద గోడకు ఆనుకుని నిలబడింది.

"అన్నయ్యా, నాన్న చెయ్యి కనపడుతోందా?"

"కనపడుతోందమ్మా," అన్నాను.

అబద్ధం చెప్పాను. కారు పైకప్పు అడ్డం. ఆ ఫోటోలో హెలెన్ ఉంది, గోడ ఉంది, పైన కిటికీ కింది చెక్క బెత్తెడు ఉంది. చెయ్యి లేదు. (చెవి కూడా లేదు. ఆదాము ఇంకా వీధి చివరే ఉన్నాడు.)

ఆల్బం చూశాక కొండమ్మ గారు తిన్నగా ఉపసంఘానికి అర్జీ పెట్టుకున్నారు. ప్రత్యేక అనుమతికి జతచేయవలసినవి నాలుగు: మాస్టారు మెట్లు దిగలేరని డాక్టరు పత్రం, కారు మెట్లెక్కలేదని మెకానిక్కు పత్రం, మెట్ల కొలతలు, హెలెన్ మళ్ళీ పెళ్ళిచీర కట్టుకోవడానికి ఆమె భర్తకు అభ్యంతరం లేదన్న పత్రం. నాలుగూ తెచ్చారావిడ. మెట్లు స్వయంగా కొలిచారు. మొదటి సమావేశానికి కోరం లేదు. రెండోదానికి కోరం ఉంది గానీ అర్జీ లేదు (భద్రంగా ఉంటుందని బీరువాలో పెట్టి తాళం వేశాం, తాళంచెవి ఎక్కడ భద్రపరిచామో గుర్తులేదు). ఈలోగా మాస్టారికి మాట కూడా పడిపోయిందని కబురొచ్చింది. మూడో సమావేశంలో వలి గారే పట్టుబట్టి మంజూరు చేయించారు. 'కెమెరాను సదరు మేడ మీదికి ఒక పర్యాయము తీసుకొని పోవుటకు అనుమతి.' స్టాంపు వేస్తున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆదాముతో రేపల్లె బయల్దేరాను. భట్టిప్రోలు దాటాక ఫోను మోగింది. హెలెన్. తెల్లవారుజామున నాన్న పోయారని చెప్పింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఎలాగూ వస్తున్నారు కదా అన్నయ్యా. అందరితో ఒక ఫోటో తియ్యాలి."

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో అది ఆచారం. సమాధికి తీసుకెళ్ళే ముందు శవపేటిక చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఆఖరి ఫోటో తీయించుకుంటారు. దూరపు చుట్టాలందరూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మాస్టార్ని కదిలించవద్దన్న డాక్టరు మాటకు ఆ రోజుతో గడువు తీరింది. నలుగురు పట్టుకుని, కొండమ్మ గారు కొలిచిన ఆ మెట్ల మీదుగానే, ఎక్కడా తగలకుండా కిందికి దించారు. పెళ్ళినాటి కోటే వేశారు. వీధిలో రెండు బెంచీల మీద పెట్టె పెడితే అది సరిగ్గా మా కారు కిటికీ ఎత్తుకు వచ్చింది. హెలెన్ తెల్లచీర కట్టుకుని తండ్రి తల దగ్గర నిలబడింది.

జేబులోంచి అనుమతి తీసి మళ్ళీ చదివాను. మేడ మీదికి మాత్రమే.

"దిగండి సార్," అన్నాడు ఆదాము వెనక్కి తిరక్కుండానే. "దిగి తియ్యండి. నేనెవరికీ చెప్పనండి."

దిగాలనే అనుకున్నాను. తలుపు గడియ మీద చెయ్యి కూడా వేశాను. ఆ చేత్తోనే అద్దం లెన్సు పట్టేంత దించాను. ఎవరూ వంగవలసిన అవసరం రాలేదు. వెలుతురు చక్కగా ఉంది. తండ్రీ కూతురూ పక్కపక్కన ఒకే ఫోటోలో పడ్డారు.

సాయంత్రం తెనాలిలో ఉపసంఘానికి నివేదిక ఇచ్చాను. కెమెరా ఒకటి, లెన్సులు రెండు, ఫ్లాషు ఒకటి, అన్నీ క్షేమం. ఆఖరి గడి, నష్టం. 'లేదు' అని రాసి సంతకం పెట్టాను.