మూడో చరణ విమోచనం

మన చిన్న చిన్న పనులు దేవుడికి పడతాయా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. వాన కోసం మొక్కుతాం, కాపు కోసం మొక్కుతాం, సరే. కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేరు ఎక్కించాలో కూడా అమ్మవారినే అడగవచ్చా? అడిగిన మహావీరుడు ఒకడున్నాడు. వినండి, మీరే తేల్చండి.

పడమట పలాస జీడిబట్టీల ధూమం మేఘమాలికలై లేస్తుండగా, తూర్పున అక్కుపల్లి కెరటాలు రణభేరులై మ్రోగుతుండగా, నడుమ ఉద్దానపు కొబ్బరిమట్టలు వింజామరలై వీస్తున్న ఒకానొక సాయంసంధ్యలో, జీడితోటాధిపతి, ప్రమోదినీ ప్రాణవల్లభుడు, టెక్కలిలో బేరమాడి తెచ్చిన పాత కంప్యూటరుకు ఏకచ్ఛత్ర ప్రభువు అయిన జనార్దనరావు ప్లాస్టిక్కు కుర్చీ అనే సింహాసనాన్ని అధిష్ఠించాడు.

ఎదుట అతని మేనత్త సూరమ్మ నిలబడి ఉంది.

"తెల్లారితే మా మనవరాలు పావనికి పసుపు దంచుతారు. హారతి నేనే పాడాల. మూడో చరణం మరిసిపోనాను నాయినా. నీ పెళ్లి వీడియోలో పాడినాను కదా, ఒకపాలి సూపించు."

ఆ పాట ఆమెకు తల్లి నోట వచ్చింది. ఊళ్లో మరెవరికీ రాదు. కాపీ ఇస్తానని పెళ్లిపీటల మీదే మాట ఇచ్చాడు జనార్దనరావు. "రేపిత్తానత్తా" అన్న ఆ రేపు ఉద్దానంలో ఇంతవరకు ఉదయించలేదు.

వీడియో కంప్యూటరులోనే ఉంది. కానీ దుర్భేద్యమైన కోటలా తెరుచుకోనంది. కోట తెరిచే సాఫ్ట్‌వేరు కావాలి. ఇంటర్నెట్టులో వెతికితే ఉచిత వీరులు అక్షౌహిణులుగా ప్రత్యక్షమయ్యారు. ఎవరు మిత్రుడు, ఎవరు మాయావి?

మన జనార్దన వీరుడు స్నానం చేసి, అమ్మవారి పటం నడినెత్తిన మందారం నిలిపాడు. కుడికి రాలితే ఎక్కించు, ఎడమకు రాలితే వద్దు. పెళ్లి సంబంధానికీ, బోరు తవ్వించడానికీ ఆ ఇంట పువ్వడగడమే ఆనవాయితీ.

"అమ్మా, ఈ వీడియో ఆడించేవాడు? కంప్యూటరులో చెత్త ఊడ్చేవాడు?" పువ్వు కుడికి రాలింది. "వేగం పెంచేవాడు?" కుడికే. "వైరసులను వేటాడేవాడు? ఆ వేటగాడికి కాపలా ఉండేవాడు?" అన్నీ కుడికే!

తల్లి కటాక్షానికి పులకించి అందరినీ లోపలికి రానిచ్చాడు. అంతే! ప్రళయకాల మేఘాల్లా ఎర్రని హెచ్చరికలు తెరను కమ్మేశాయి. ప్రమాదం, ప్రమాదం అని ఊడ్చేవాడు గర్జించాడు. ఆ ఊడ్చేవాడే ప్రమాదమని వేటగాడు ప్రతిగర్జించాడు. వేగవర్ధకుడు రంగంలో దిగగానే కంప్యూటరు నిశ్చేష్టమైంది.

జనార్దనరావు ఊరి నాటకాల్లో కృష్ణవేషం కట్టినవాడు. ఆ కంఠం ఇప్పుడు నిద్రలేచింది.

"ఓరీ వేగవర్ధకా! వేగము పెంచెదనని వచ్చి, నత్తకు సైతము సిగ్గు కలుగునట్లు నా యంత్రమును కూలవైచితివే! నా మేనత్త గానామృతమును చెరబట్టిన మీ దురహంకారమును..."

"ఏటండీ ఆ కేకలు?" గరిటెతో వచ్చింది ప్రమోదిని. తెర చూసింది, పటం చూసింది, ఆ పైన గిరగిర తిరుగుతున్న ఫ్యాను చూసింది. "ఫేను తిప్పి పువ్వడిగినారా? ఆ గాలికి కుడికి రాలక ఎటు రాల్తాది?"

జనార్దనరావు తలెత్తి ఫ్యాను చూశాడు.

"అమ్మోరు గానీ ఇన్నాదంటే నవ్వుకుంటాది" అంది సూరమ్మ.

ఫ్యాను ఆపి మళ్లీ అడిగాడు. పువ్వు కదల్లేదు. నుదుటి చెమట కదిలింది గానీ, పువ్వు కదల్లేదు.

"ఏటే, పలకదేటి?" అన్నాడు పెళ్లాంతో.

"మీకే వదిలీసింది. మనకేటి గావాల? పాట ఇనపడాల. పాట ఇనిపించీది ఒక్కటుంటే సాలు. మిగతావన్నీ తీసీండి."

కంప్యూటరును ఆపి మళ్లీ లేపాడు. మహాసంహారం మొదలైంది. ప్రతి యోధుడూ కూలే ముందు, నిజంగానే నన్ను తొలగిస్తావా అని దీనంగా అడిగాడు. గుమ్మం తొక్కినవాణ్ణి పొమ్మనడం ఎరుగని వంశం. వీరుడి వేలు మౌసు మీదే ఆగింది.

"బోయనం ఎట్టి పంపుతారేటి? నొక్కండి!" అంది ప్రమోదిని.

నొక్కాడు. వేటగాడు పోయాడు, కాపలావాడు పోయాడు, ఊడ్చేవాడు తన చెత్త తానే వదిలి పోయాడు, చివరికి వేగవర్ధకుడు వెళ్లాడు, అదీ నెమ్మదిగా. పాటలూ వీడియోలూ ఆడించే సాదాసీదా సేవకుడొక్కడు మిగిలాడు. అతని చేతుల్లో కోట తలుపు తెరుచుకుంది.

తెర మీద, పళ్లెంలో కర్పూరం వెలుగుతుండగా, సూరమ్మ.

"ఓలమ్మ! నా పళ్లన్నీ ఉన్నాయే!"

మొదటి చరణం, రెండో చరణం... మూడోది రాగానే అత్త చప్పున కళ్లు మూసుకుని గొంతు కలిపింది. ఆ సూరమ్మా ఈ సూరమ్మా కలిసి హారతి ముగించారు. ప్రమోదిని గరిటె పట్టుకున్న చేతులే జోడించింది.

జనార్దనరావు ఆ పాటను మెమరీ కార్డులోకి ఎక్కించి, అత్త ఫోనులో తానే పెట్టి ఇచ్చాడు.

"రేపంటే ఇన్నాళ్లేటిరా?" అంటూ ఆమె అందుకుంటుండగా మందారం రాలింది. కుడికే! ఫ్యాను ఆగే ఉంది. కిటికీ మాత్రం తెరిచి ఉంది. కనుక నా సందేహం నాకే మిగిలింది.

దిక్కులారా, జీడితోటలారా, వినండి! ఉచిత సాఫ్ట్‌వేరు సేనాసంహారి, మూడో చరణ విమోచకుడు అయిన జనార్దనరావు తన పెళ్లినాటి బాకీ తీర్చేశాడు.